గాలిచాటు సవారీ (సైకిలు పందేలు)

గాలిచాటు సవారీ లేదా డ్రాఫ్టింగ్ అనగా సైకిలు పందెంలో ఒక పోటీదారు మరొకరి వెనుక అతి సమీపంగా సైకిలు త్రొక్కుతూ, ముందున్నవారు చీల్చిన గాలి మరుగున తన శ్రమను తగ్గించుకొనే పద్ధతి. చదును నేలపై గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలిస్టు శ్రమలో అయిదింట నాలుగు వంతులకు పైగా గాలిని త్రోసివేయడానికే ఖర్చవుతుంది. అందువలన వెనుక నున్నవారు దాదాపు మూడింట ఒక వంతు శ్రమను ఆదా చేసుకొనగలరు. రోడ్డు సైకిలు పందేలలో అత్యంత బలవంతుడే గెలుస్తాడన్న నియమం లేకపోవడానికి, ప్రత్యర్థులు సైతం కొంతదూరం కలసి పనిచేయవలసి రావడానికి ఇదే ముఖ్య కారణం.

సామర్థ్యం - కొలత

ఒక సెకను కాలంలో జరిగిన పనిని సామర్థ్యం అంటారు. దీని ప్రమాణం వాట్. సెకనుకు ఒక జౌలు పని జరిగితే అది ఒక వాట్. ఇంటిలోని సాధారణ పాతరకం సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తును తీసుకుంటుంది. సాధన లేని ఆరోగ్యవంతుడు సైకిలుపై ఒక గంటసేపు 100 నుండి 150 వాట్ల వరకు ఇవ్వగలడు. వృత్తి సైకిలిస్టులు అదే గంటసేపు 350 నుండి 400 వాట్ల వరకు, కొందరు అంతకు మించి కూడా ఇవ్వగలరు. గమ్యం ముందరి చివరి కొన్ని సెకన్లలో వేగపు పరుగు వీరులు వెయ్యి వాట్లను దాటుతారు.

మానవ శరీరపు దక్షత తక్కువ. ఆహారం నుండి లభించిన శక్తిలో 20 నుండి 25 శాతం మాత్రమే పెడల్‌ను చేరుతుంది, మిగిలినది వేడిగా మారుతుంది. 250 వాట్లతో ఒక గంట త్రొక్కిన వ్యక్తి చేసిన పని 9 లక్షల జౌళ్లు. దానికై శరీరం ఖర్చుచేసేది సుమారు 900 కిలో క్యాలరీలు. ఆ గంటసేపు అతని దేహం దాదాపు 800 వాట్ల వేడిని బయటకు పంపవలసి ఉంటుంది.

పెడల్‌పై పడే బలాన్ని నేరుగా కొలిచే సామర్థ్య మాపకాన్ని జర్మనీకి చెందిన ఇంజనీరు ఉల్రిచ్ షోబెరర్ 1986లో రూపొందించాడు. పెడల్ కడ్డీలకు ఆధారమైన భాగంలో అమర్చిన స్ట్రెయిన్ గేజీలు లోహం అతి స్వల్పంగా వంగడాన్ని గుర్తిస్తాయి. ఆ వంపు నుండి బలాన్ని, దానిని తిరిగే వేగంతో హెచ్చించి సామర్థ్యాన్ని లెక్కిస్తారు. అంతకుముందు సైకిలిస్టు శ్రమను గుండె వేగం, గడియారం ఆధారంగా అంచనా వేసేవారు.

సైకిలుకు ఎదురయ్యే నిరోధాలు

సమవేగంతో పోతున్న సైకిలిస్టు మూడు నిరోధాలను ఎదుర్కొంటాడు.

1. దొర్లుడు ఘర్షణ: టైరు నేలను తాకే చోట అణగి తిరిగి లేవడం వలన కలుగుతుంది. ఈ బలం వేగంతో పెద్దగా మారదు.
2. గురుత్వాకర్షణ: ఎత్తు ఎక్కునప్పుడు మాత్రమే ఎదురవుతుంది. దిగునప్పుడు సహాయపడుతుంది.
3. గాలి నిరోధం: ఇది గాలి సాంద్రతపైన, గాలికి ఎదురుగా నిలిచే దేహ వైశాల్యంపైన, దేహపు ఆకారంపైన, వేగపు వర్గంపైన ఆధారపడుతుంది.

సామర్థ్యం అనగా బలాన్ని వేగంతో హెచ్చించగా వచ్చినది. గాలి నిరోధ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కావున, దానిని అధిగమించేందుకు కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కొరకు ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి.

మనిషి, సైకిలు కలిపి 80 కిలోల బరువు, గాలి లేని చదును రోడ్డు, సాధారణ పందెపు భంగిమ అని అనుకొని లెక్కించిన ఉజ్జాయింపు విలువలు ఇవి:

- గంటకు 20 కి.మీ.: గాలికి 33 వాట్లు, ఘర్షణకు 22 వాట్లు, మొత్తం 55 వాట్లు
- గంటకు 30 కి.మీ.: గాలికి 111 వాట్లు, ఘర్షణకు 33 వాట్లు, మొత్తం 144 వాట్లు
- గంటకు 40 కి.మీ.: గాలికి 263 వాట్లు, ఘర్షణకు 44 వాట్లు, మొత్తం 307 వాట్లు
- గంటకు 50 కి.మీ.: గాలికి 514 వాట్లు, ఘర్షణకు 55 వాట్లు, మొత్తం 569 వాట్లు

40 కి.మీ. వేగం వద్ద ఒంటరి సైకిలిస్టు ఇచ్చే సామర్థ్యం నాలుగు సీలింగు ఫ్యాన్లను త్రిప్పగలదు. అందులో 86 శాతం గాలి పాలవుతున్నది.

గాలిచాటు పనిచేసే విధానం

ముందుకు సాగే సైకిలిస్టు ఎదుట గాలి ఒత్తుకొని పీడనం పెరుగుతుంది. దేహానికి ఇరుప్రక్కల నుండి జారిన గాలి వెనుక వెంటనే కలుసుకొనలేక సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం తక్కువగా ఉంటుంది. ఈ సుడుల ప్రాంతంలోని గాలి సైకిలిస్టుతో పాటు కొంత వేగంతో ముందుకు కదులుతూ ఉంటుంది. కనుక అందులో ప్రవేశించిన రెండవ సైకిలిస్టుకు ఎదురయ్యే గాలి వేగం తగ్గుతుంది. ముందరి చక్రానికి తన చక్రం ఎంత దగ్గరగా ఉంటే లాభం అంత ఎక్కువ. పందెగాళ్లు ఈ ఎడమును ఒక మీటరు లోపలనే ఉంచుతారు.

వెనుకవారి వలన ముందున్నవారికి కూడా స్వల్పలాభం కలదు. రెండవ వ్యక్తి రాకతో ముందువాని వీపు వెనుకనున్న అల్పపీడన ప్రాంతం కొంత నిండుతుంది. ఈ కారణంగా ముందున్నవారి గాలి నిరోధం 2 నుండి 3 శాతం వరకు తగ్గుతుందని కంప్యూటరు గణనలలోను, గాలి సొరంగ పరీక్షలలోను తేలింది.

ఆకాశంలో కొంగల బారును దీనితో పోల్చడం పరిపాటి. అయితే పక్షులు ముందరి పక్షి రెక్క అంచున పైకి లేచే గాలిని ఉపయోగించుకుంటాయి. సైకిలిస్టులు వాడుకొనేది ముందువారి వెనుకనున్న నెమ్మది గాలిని. ఫలితం ఒకటే అయినా విధానం వేరు.

కలసి సాగితే కలిగే లాభం

వెనుకవాని గాలి నిరోధం 35 శాతం తగ్గిందనుకుంటే, 40 కి.మీ. వేగం వద్ద అతనికి కావలసినది 307 వాట్లకు బదులు 215 వాట్లు. అనగా 92 వాట్ల ఆదా. మొత్తంలో ఇది 30 శాతం.

సమాన బలం గల నలుగురు ఒకరి వెనుక ఒకరు సాగుతూ, సమానకాలం వంతులవారీగా ముందుకు వస్తే, ఒక్కొక్కరి సగటు శ్రమ 238 వాట్లు. అదే 238 వాట్లతో ఒంటరిగా పోయేవాని వేగం గంటకు 36.4 కి.మీ. మాత్రమే. నూరు కిలోమీటర్ల దూరాన్ని ఆ నలుగురు రెండున్నర గంటలలో ముగిస్తే, ఒంటరివానికి సుమారు రెండు గంటల ముప్పావు పడుతుంది. పావుగంట తేడాకు కారణం బలం కాదు, వంతులు పాటించడమే.

ఇక్కడే చిక్కు కూడా కలదు. నలుగురిలో ఒకడు తన వంతుకు ముందుకు రాకుండా వెనుకనే ఉండిపోతే, అతడు 215 వాట్లతోనే గమ్యాన్ని సమీపించి, మిగుల్చుకొన్న బలంతో చివరలో అందరినీ దాటిపోగలడు. అది తెలిసిన మిగిలినవారు తామూ వంతు ఇవ్వడం మానివేస్తే అందరి వేగం పడిపోతుంది, వెనుకనున్న గుంపు వచ్చి కలుస్తుంది. రోడ్డు పందెంలోని ఎత్తుగడలన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

పరిశోధనలు

అమెరికాకు చెందిన చెస్టర్ కైల్ 1979లో ప్రచురించిన పరిశోధనలో, గంటకు 40 కి.మీ. వేగం వద్ద వరుసలో వెనుక సాగేవారికి సుమారు మూడింట ఒక వంతు సామర్థ్యం ఆదా అవుతున్నదని తేల్చాడు. 1990లో అమెరికాలోనే జరిగిన మరొక పరిశోధనలో సైకిలిస్టులు పీల్చుకొనే ఆక్సిజన్‌ను రోడ్డుపైననే కొలిచారు. ఒకరి వెనుక పోయేవారికి 32 కి.మీ. వేగం వద్ద 18 శాతం, 40 కి.మీ. వద్ద 27 శాతం ఆక్సిజన్ వినియోగం తగ్గింది. ఎనిమిదిమంది గుంపు వెనుక పోయినవారికి తగ్గుదల 39 శాతం.

2018లో బెర్ట్ బ్లాకెన్ నాయకత్వంలోని పరిశోధకుల బృందం 121 మంది సైకిలిస్టులు గల పెద్ద గుంపును కంప్యూటరులోను, చిన్న నమూనాలతో గాలి సొరంగంలోను పరీక్షించింది. గుంపు నడుమ, వెనుక భాగాలలో ఉన్నవారికి ఎదురయ్యే గాలి నిరోధం ఒంటరి సైకిలిస్టు నిరోధంలో 5 నుండి 10 శాతం మాత్రమేనని ఫలితాలు తెలిపాయి. నిరోధం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కావున, గుంపు గంటకు 54 కి.మీ. వేగంతో దూసుకుపోతున్నా నడుమనున్నవారికి ఎదురయ్యే గాలి 12 నుండి 17 కి.మీ. వేగంతో ఒంటరిగా పోయేవారి గాలితో సమానం.

పందేలలో వ్యూహాలు

ప్రధాన గుంపు: పెద్ద పందెంలో అధికసంఖ్యాకులు కలసి సాగే సమూహాన్ని ఫ్రెంచి భాషలో పెలోటాన్ అంటారు. ప్రతి జట్టులోను నాయకునికి గాలి అడ్డుగా నిలిచే సహాయకులుంటారు. వీరిని డొమెస్టిక్ అని పిలుస్తారు, ఈ మాటకు ఫ్రెంచిలో పనివాడు అని అర్థం. గంటల తరబడి గాలిని ఎదుర్కొని, నాయకుని చివరి ఘట్టం వరకు అలసట లేకుండా చేర్చడమే వీరి పని. విజేతగా నమోదయ్యేది ఒకే పేరు.

విడివడి పోవుట: కొందరు గుంపును విడిచి ముందుకు పోవడాన్ని బ్రేక్‌అవే అంటారు. గుంపులో వంతులు పంచుకొనేవారు ఎక్కువ కావున సాధారణంగా వీరు పట్టుబడుతారు. దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు 2021 జూలై 25న జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్డు పందెం. ఆస్ట్రియాకు చెందిన గణితశాస్త్రవేత్త అన్నా కీసెన్‌హోఫర్ 137 కి.మీ. పందెం మొదలైన వెంటనే కొందరితో కలసి విడివడింది. చివరి 40 కి.మీ. ఒంటరిగా సాగింది. ఒలింపిక్స్‌లో జట్టుతో మాట్లాడే రేడియోలకు అనుమతి లేదు. ఆమెతో విడివడి వెనుకబడిన ఇద్దరిని పట్టుకొన్న గుంపు, ముందు ఇక ఎవరూ లేరని భావించింది. బలమైన నెదర్లాండ్స్ జట్టు నుండి రెండవ స్థానంలో వచ్చిన అన్నెమీక్ వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకొని చేతులెత్తింది. కీసెన్‌హోఫర్ అప్పటికి 75 సెకన్ల ముందే గమ్యాన్ని చేరుకున్నది. గాలిచాటు ఎంత లాభకరమైనా, దానిని వాడుకొనే గుంపుకు ఎవరిని తరుముతున్నామో తెలిసి ఉండాలని ఈ పందెం నిరూపించింది.

చివరి పరుగు: వేగపు పరుగు వీరుని అతని సహచరులు వరుసగా ముందుండి నడిపిస్తారు. ఒక్కొక్కరు శక్తినంతా వెచ్చించి ప్రక్కకు తొలగుతారు. చివరి రెండు వందల మీటర్ల ప్రాంతంలో మాత్రమే నాయకుడు గాలిలోకి వస్తాడు. 2024లో టూర్ ద ఫ్రాన్స్ పందెంలో తన 35వ దశను గెలిచి, దశల విజయాలలో రికార్డు నెలకొల్పిన బ్రిటన్ సైకిలిస్టు మార్క్ కావెండిష్ ఈ విద్యలో ప్రసిద్ధుడు.

ప్రక్కగాలి: గాలి ప్రక్క నుండి వీచినప్పుడు చాటు నేరుగా వెనుక ఉండదు, గాలి పోయే వైపుకు జరుగుతుంది. అందువలన సైకిలిస్టులు ఏటవాలు వరుసగా ఏర్పడతారు. దీనిని ఎషెలాన్ అంటారు. రోడ్డు వెడల్పు ఎందరికి సరిపోతుందో అందరికే చాటు దొరుకుతుంది. మిగిలినవారు రోడ్డు అంచున గాలిలో మిగిలి, త్వరలోనే విడిపోతారు.

కొండ దారులు

ఎత్తు ఎక్కునప్పుడు వేగం తగ్గుతుంది, గాలి ప్రాధాన్యం కూడా తగ్గుతుంది. నూటికి 8 వంతుల ఏటవాలు గల కొండపై పైన చెప్పిన 80 కిలోల బరువుతో గంటకు 20 కి.మీ. వేగంతో ఎక్కడానికి సుమారు 400 వాట్లు కావాలి. అందులో దాదాపు 350 వాట్లు గురుత్వాకర్షణకు, 33 వాట్లు మాత్రమే గాలికి ఖర్చవుతాయి. గాలిచాటు వలన కలిగే ఆదా ఇక్కడ 11 లేక 12 వాట్లు. అందుచేత కొండలపై సహాయకుల ప్రయోజనం తగ్గి, కిలో బరువుకు ఎన్ని వాట్లు ఇవ్వగలరన్నదే నిర్ణాయకమవుతుంది. టూర్ ద ఫ్రాన్స్ వంటి పందేలలో కొండ దశలలోనే ఎక్కువ తేడాలు రావడానికి కారణం ఇదే.

గాలిచాటు లేని పోటీలు

వ్యక్తిగత టైమ్ ట్రయల్ పోటీలో సైకిలిస్టులు ఒకరి తరువాత ఒకరు నిర్ణీత వ్యవధితో బయలుదేరుతారు. ఒకరి వెనుక ఒకరు చాటు తీసుకొనడం నిషిద్ధం. ఇక్కడ దేహ భంగిమ, శిరస్త్రాణం, చక్రాల ఆకృతి కీలకమవుతాయి. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి దినాన వెర్సాయ్ నుండి పారిస్ వరకు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్ జరిగింది. అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ అప్పటికి ఫ్రాన్సుకు చెందిన లారెంట్ ఫిన్యోన్ కంటే 50 సెకన్లు వెనుకబడి ఉన్నాడు. చేతులను ముందుకు చాచి దగ్గరగా ఉంచే కొత్తరకం హ్యాండిల్‌ను అమర్చుకొని, ఫిన్యోన్‌పై 58 సెకన్ల ఆధిక్యంతో ఆ దశను గెలిచాడు. మూడు వేల కిలోమీటర్లకు పైబడిన పందెం 8 సెకన్ల తేడాతో ముగిసింది.

ఒక గంటలో ఒంటరిగా అత్యధిక దూరం పోయే గంట రికార్డు కూడా ఇటువంటిదే. బెల్జియంకు చెందిన ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో 49.431 కి.మీ. దూరం సాధించాడు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఆ నగరాన్ని ఎంచుకొనడానికి కారణం అక్కడి పలుచని గాలి. 2022లో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్ లో 56.792 కి.మీ. సాధించాడు.

వాహనాల చాటున రికార్డులు

1899 జూన్ 30న అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో చార్లెస్ మర్ఫీ రైలుపెట్టె వెనుక, పట్టాల నడుమ పరచిన చెక్కలపై సైకిలు త్రొక్కి ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో దాటాడు. 2018లో డెనీస్ ముల్లర్ కోరెనెక్ బానవిల్ ఉప్పు మైదానంలో పందెపు కారు వెనుక గంటకు 296 కి.మీ. వేగాన్ని అందుకున్నది. గాలిని పూర్తిగా తొలగిస్తే మానవ సామర్థ్యం ఎంత వేగానికి సరిపోతుందో ఇవి తెలుపుతాయి.

భారతదేశం - తెలుగు ప్రాంతాలు

గాలిచాటు ఆధారంగా సాగే ట్రాక్ పోటీలలో జట్టు స్ప్రింట్ ఒకటి. ముగ్గురు వరుసగా బయలుదేరి, ప్రతి చుట్టు చివర ముందున్నవారు తొలగుతారు. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలలో ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కూడిన భారత జట్టు ఈ పోటీలో స్వర్ణపతకం గెలిచింది.

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో సైక్లింగ్ వెలోడ్రోమ్ కలదు. 2023 అక్టోబరులో హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కి.మీ. పొడవైన సైకిలు బాట ప్రారంభమైనది. దీని పైకప్పు సౌర ఫలకాల స్థాపిత సామర్థ్యం 16 మెగావాట్లు. ఒక్కొక్కరు 200 వాట్ల చొప్పున త్రొక్కే 80 వేల మంది సైకిలిస్టుల శ్రమకు ఇది సమానం.

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం గాలి ప్రభావాన్ని గమనించడానికి అనువైనది. చెలకలు, రాతిగుట్టలు, అక్కడక్కడ తాటిచెట్లు తప్ప రోడ్లకు అడ్డు తక్కువ. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి, పడమర దిక్కుల నుండి గాలి బలంగా వీస్తుంది. సూర్యాపేట నుండి పడమరగా నకిరేకల్ వైపు గంటకు 25 కి.మీ. వేగంతో పోయేవానికి గాలి లేనిచో సుమారు 92 వాట్లు సరిపోతాయి. గంటకు 15 కి.మీ. ఎదురుగాలి వీస్తే అదే వేగానికి 192 వాట్లు కావాలి. వేగం ఏమాత్రం పెరగకుండానే శ్రమ రెట్టింపును మించుతుంది. మరొకరి చాటున పోతే 134 వాట్లతో సరిపోతుంది.

సూర్యాపేట - జనగామ రహదారి పరిస్థితి వేరు. ఈ రోడ్డు తిరుమలగిరి మీదుగా వాయవ్యంగా సాగుతుంది (తిరుమలగిరి 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది, తరువాత సూర్యాపేట జిల్లాలో చేరింది). వర్షాకాలపు గాలి ఉత్తరంగా పోయేవారికి ఎడమ ప్రక్క నుండి తగులుతుంది. అప్పుడు చాటు దొరికేది ముందువారికి కుడివైపున, అనగా రోడ్డు నడుమకు. మనదేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి కావున, చాటు కొరకు కుడికి జరిగినవారు వెనుక నుండి వచ్చే లారీలకు, బస్సులకు అడ్డుగా నిలుస్తారు. పందేలలో రోడ్డును మూసివేసి ఏర్పరచే ఏటవాలు వరుసను సాధారణ రాకపోకలు గల రహదారిపై అనుకరించరాదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

గంటకు 40 కి.మీ. వేగంతో పోయేవారు ముందరి ప్రమాదాన్ని చూచి బ్రేకు వేసేలోగా, 0.7 సెకను కాలంలో, దాదాపు 8 మీటర్లు ముందుకు పోతారు. గాలిచాటుకు ఉంచే ఎడం ఒక మీటరు. కనుక ముందువారు ఆకస్మికంగా ఆగితే వెనుకవారికి తప్పించుకొనే అవకాశం లేదు. లారీ, ట్రాక్టరు వంటి వాహనాల వెనుక చాటు తీసుకొనడం మరీ ప్రమాదకరం. వాటి వెనుకనున్నవారు డ్రైవరుకు కనపడరు. ముందరి గుంతలు సైకిలిస్టుకు కనపడవు. రికార్డులు మూసివేసిన మార్గాలలో, ప్రత్యేక ఏర్పాట్లతో సాధించినవి.

జట్టుగా సాధన చేసేవారు సాధారణంగా ఈ క్రింది నియమాలను పాటిస్తారు.

- ముందున్నవారు గుంతలను, రాళ్లను, మలుపులను చేతి సైగతోను, కేకతోను వెనుకకు తెలియజేయాలి.
- ఆకస్మికంగా బ్రేకు వేయరాదు, వేగాన్ని క్రమంగా మార్చాలి.
- తన ముందు చక్రాన్ని ముందువారి వెనుక చక్రానికి ప్రక్కగా తీసుకొనిపోరాదు. చక్రాలు తాకితే సాధారణంగా పడిపోయేది వెనుకవారే.
- దృష్టిని ముందరి చక్రంపై నిలుపక, ముందువారి భుజాల మీదుగా రోడ్డును చూడాలి.
- చాటున ఉన్నవారికి చల్లగాలి కూడా తక్కువగా తగులుతుంది. వేసవిలో వారు నీరు త్రాగడం మరువరాదు.
- కొత్తవారు మొదట రెండు మూడు మీటర్ల ఎడంతో, ఇద్దరి జంటగా, వాహనాలు లేని చోట సాధన చేయాలి.

ఇవి కూడా చూడండి

- సైకిలు
- సామర్థ్యం (భౌతిక శాస్త్రం)
- ఘర్షణ
- టూర్ ద ఫ్రాన్స్
- నైరుతి ఋతుపవనాలు